టెక్ సందేహాలు: తొమ్మిది మంది బట్టలు, ఒక్క మెషీన్

ముసురు పట్టి దండెం ఖాళీ కాని రోజుల్లో వాషింగ్ మెషీన్ల మీద ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో పెద్ద కుటుంబాలవే ఎక్కువ.

మాది ఉమ్మడి కుటుంబం, తొమ్మిది మందిమి. 8 కిలోల ఫ్రంట్‌లోడ్ మెషీన్ ఉంది. మొదట గంట అని చూపించి, తీరా చూస్తే రెండు గంటలు నడుస్తోంది. నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలు ఉండిపోతున్నాయి. 10 కిలోలది కొనుక్కోమంటారా? – తెనాలి నుంచి ఓ పాఠకురాలు

అప్పుడే వద్దు. ముందు ఓ వారం తూకం వేసి చూడండి. ప్రయాణాల్లో సూట్‌కేసు బరువు చూసుకునే చేతి తూకానికి బట్టల సంచి తగిలిస్తే చాలు. మెషీన్ మీద రాసి ఉండే 8 కిలోలు పొడి బట్టల బరువు, అదీ కాటన్ ప్రోగ్రాముకి మాత్రమే. సింథటిక్, మిక్స్ ప్రోగ్రాములకు చాలా మోడళ్లలో అందులో సగమే. పావుగంట, అరగంట ప్రోగ్రాములకైతే రెండు మూడు కిలోలు దాటకూడదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఈ పట్టిక ఉంటుంది. దాన్ని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి.

ఉజ్జాయింపు బరువులు ఇలా ఉంటాయి: జీన్స్ ప్యాంటు 600-700 గ్రాములు, స్నానం తువ్వాలు 400-500, డబుల్ కాట్ దుప్పటి 700 నుంచి కిలో దాకా, నూలు చీర అరకిలో, కాటన్ చొక్కా 200-250. మనిషికి రోజుకి 600 గ్రాముల లెక్కన తొమ్మిది మందికి అయిదున్నర కిలోలు. అంటే రోజుకో కాటన్ లోడ్. తువ్వాళ్లు, దుప్పట్లు కలిపి వారానికి ఇంకో లోడ్, మహా అయితే రెండు. ఈ పనికి 8 కిలోల మెషీన్ చాలు. రెండు రోజుల బట్టలు ఒకేసారి కుక్కుతున్నారేమో చూసుకోండి. బట్టలు వేశాక డ్రమ్ముపైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ మిగలాలి. ఫ్రంట్‌లోడ్‌లో బట్ట పైకి లేచి కింద పడితేనే మురికి వదులుతుంది. కదలడానికి చోటు లేకపోతే డిటర్జెంట్ పొడి మడతల్లో ఇరుక్కుపోతుంది, మీరు చూస్తున్న చారలు అవే.

చారలకు ఇంకో కారణం బోరు నీళ్లు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్‌ని పట్టేసుకుంటాయి, నురగ రాదు. నురగ రాలేదని ఇంకాస్త పొడి పోస్తాం, అది జాడింపులో పోదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం (నీటిలో ఈ రెండింటి మోతాదు) పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా. మీ బోరు ఎంత చూపిస్తుందో తెలుసుకోవాలంటే కాఠిన్యం పరీక్ష కిట్టు కొనాలి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుంది, వాటిలో కాఠిన్యం వాటా ఎంతో చెప్పదు. ఆర్‌వో ఫిల్టరు వదిలేసిన నీళ్లు మెషీన్‌కి పట్టి పొదుపు చేస్తున్నామని కొందరు రాస్తుంటారు. ఆ నీళ్లలో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి. వాటితో గచ్చు కడగండి, బట్టలకు వద్దు.

ప్రస్తుతానికి పొడి మానేసి ఫ్రంట్‌లోడ్‌కి తగిన లిక్విడ్ వాడండి, నీళ్లను 40 డిగ్రీలకు పెట్టండి. 15 లీటర్లను 25 నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి పావు యూనిట్ కరెంటు సరిపోతుంది. అదే 60కి పెడితే 0.6 యూనిట్లు. రోజూ 60 అక్కర్లేదు, తువ్వాళ్లకు, పసిపిల్లల బట్టలకు ఉంచుకోండి. హీటరు మీద సున్నం పేరుకోకుండా రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో డీస్కేలింగ్ పౌడరు గానీ 100 గ్రాముల నిమ్మ ఉప్పు గానీ వేసి 60 డిగ్రీల్లో తిప్పండి. అదే విడతలో బ్లీచింగ్ మాత్రం వేయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక టైము సంగతి. మొదట చూపించే నిమిషాలు అంచనా మాత్రమే. నీళ్లు సన్నగా వచ్చినా, నురగ ఎక్కువై అదనంగా జాడించాల్సి వచ్చినా, పిండేటప్పుడు బట్టలన్నీ ఒకవైపు ముద్దకట్టినా సమయం పెరుగుతుంది. ముద్దకట్టడానికి చాలాసార్లు కారణం దుప్పటి. అది చుట్టుకుని చిన్న బట్టలన్నిటినీ తనలోకి లాక్కుంటుంది. ఒకే దుప్పటి వేసి మిగతావి రుమాళ్లు, బనియన్లు వేస్తే మెషీన్ బరువు సర్దడానికి పదేపదే ప్రయత్నిస్తుంది. దుప్పట్లు రెండు మూడు కలిపే వేయండి.

దండెం ఖాళీ అయ్యే వేళకి ఉతుకు ముగియాలంటే డిలే ఎండ్ బటన్ ఉంది. ఉదయం 6 గంటలకు ముగిసేలా రాత్రి పెట్టుకోవచ్చు. దీనికి మాత్రం పొడే మేలు, ఎందుకంటే లిక్విడ్ గంటల తరబడి డ్రాయర్‌లో ఉంటే మెల్లగా కిందికి జారిపోవచ్చు. తడి బట్టలు మూతపెట్టిన డ్రమ్ములో పొద్దెక్కేదాకా ఉంటే వాసన పట్టేస్తాయి కాబట్టి లేచే వేళకే ముగిసేలా చూసుకోండి.

మేడ మీద మూడో అంతస్తులో ఉంటాం. మెషీన్ మాటిమాటికీ ఐఈ అని చూపించి ఆగిపోతోంది. మెకానిక్ వాల్వు మార్చాలంటున్నాడు. – నంద్యాల

ఎల్‌జీలో ఐఈ, శాంసంగ్‌లో 4సీ (పాత మోడళ్లలో 4ఈ) అంటే నిర్ణీత సమయంలో నీళ్లు నిండలేదని అర్థం. వాల్వు మార్చే ముందు ఎత్తు లెక్క వేయండి. ట్యాంకులో నీటిమట్టానికీ మెషీన్‌కి నీళ్లిచ్చే పంపుకీ (కుళాయికి) మధ్య ప్రతి మీటరు ఎత్తుకి 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషీన్లు కనీసం 0.3 బార్ అడుగుతాయి, కొన్ని 0.5. మీది చివరి అంతస్తే అనుకుందాం. స్లాబు ఎత్తు 3 మీటర్లు, పంపు నేల నుంచి 0.9 మీటర్లు, ట్యాంకు నేరుగా స్లాబు మీద ఉండి అందులో అరమీటరు నీళ్లుంటే తేడా 2.6 మీటర్లు. అంటే 0.26 బార్. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మెషీన్ నడిచి, సగానికి దిగాక ఆగిపోతోందంటే జబ్బు వాల్వుది కాదు, ఎత్తుది.

పరీక్ష సులువే. పంపు కట్టేసి, గొట్టం విప్పి, పంపును బకెట్లోకి వదలండి. ధార బాగానే ఉంటే గొట్టం చివర, వాల్వు మూతి దగ్గర ఉండే జల్లెడలు చూడండి. చిన్న ప్లయర్‌తో పట్టి లాగితే ఊడొస్తాయి. బోరు ఇసుక, పైపు చెత్త అక్కడే పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి పెట్టేయండి. ధారే సన్నగా ఉంటే ట్యాంకుని మీటరు ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించాలి, లేదంటే ఆ లైనుకి ఫ్లో స్విచ్చి (నీళ్లు కదలగానే దానంతట అదే ఆన్ అయ్యేది) ఉన్న చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. ఇంకోటీ చూడండి. నీళ్లు బయటికి పోయే గొట్టం నేల మీద పడి ఉందా? దాని చివర 60 సెంటీమీటర్లకు తగ్గకుండా పైన ఉండాలి. లేకపోతే ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే దిగిపోతాయి, అప్పుడూ ఇదే కోడ్ వస్తుంది.

కొత్త మెషీన్ వైఫైకి ఎక్కడం లేదు. ఎక్కాక అత్తయ్య ఫోన్లో కూడా కనిపించాలి. – కరీంనగర్

చాలా మెషీన్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. మీ రూటరు 2.4, 5 రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే సెట్టింగుల్లో విడదీసి, ఫోన్‌ని 2.4 పేరుకి కలపండి. భద్రత డబ్ల్యూపీఏ3 మీద ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. జత చేసేంతసేపు మొబైల్ డేటా, వీపీఎన్ ఆపేసి, యాప్‌కి లొకేషన్ అనుమతి ఇవ్వండి. చాలామందికి ఇక్కడితో పనైపోతుంది.

అత్తయ్యగారి ఫోన్లో మెషీన్‌ని కొత్తగా నమోదు చేయకండి, చాలా యాప్‌లలో అలా చేస్తే మీ ఫోన్లోంచి పోతుంది. మీ యాప్‌లోంచి కుటుంబ సభ్యురాలిగా ఆహ్వానం పంపండి. ఎల్‌జీ వాళ్ల థింక్యూ, శాంసంగ్ వాళ్ల స్మార్ట్‌థింగ్స్ యాప్‌లు రెండింటిలోనూ ఆ వీలుంది. ఆఫీసులో కూర్చుని మెషీన్ ఆన్ చేయొచ్చని మురిసిపోవద్దు. ప్రతిసారీ బట్టలు వేసి, తలుపు మూసి, మెషీన్ మీదే రిమోట్ స్టార్ట్ నొక్కి ఉంచాలి. మధ్యలో ఎవరైనా తలుపు తీస్తే అది రద్దవుతుంది. నా లెక్కలో ఈ యాప్‌లు నిజంగా పనికొచ్చేది ఒక్కదానికే, ఉతుకు అయిపోయిందని ఇంట్లో నలుగురికీ చెప్పడానికి.

మాది పాత మెషీన్, కింది వాటాలో ఉంది. అయిపోయిన సంగతి పైన మాకు తెలియదు. – రాజమహేంద్రవరం

కరెంటు వాడకం కొలిచే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ తీసుకోండి. హీటరున్న మెషీన్ 2000 వాట్లకు పైనే లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. కాబట్టి 10 ఆంపియర్ల ప్లగ్ అంచు మీద నడిచి వేడెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. యాప్‌లో నియమం ఇలా రాయండి: వాడకం 10 వాట్లు దాటితే మొదలైనట్టు, 5 వాట్లకంటే దిగి అయిదు నిమిషాలు అలాగే ఉంటే ముగిసినట్టు ఫోన్‌కి కబురు రావాలి. ఆ అయిదు నిమిషాలు ఎందుకంటే, నీళ్లు పట్టేటప్పుడు, నానబెట్టేటప్పుడు కూడా వాడకం పడిపోతుంది. అప్పటికీ ఫోన్ ముందే మోగితే ఎనిమిదికి పెంచండి. కరెంటు పోయి వచ్చాక ప్లగ్ పూర్వస్థితికి వచ్చేలా సెట్టింగు పెట్టండి, లేకపోతే ఆఫ్‌లోనే ఉండిపోవచ్చు. నడుస్తున్న మెషీన్‌ని మాత్రం ప్లగ్‌తో ఆపకండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపొచ్చా? – ఒంగోలు

ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది 700 వాట్ల చుట్టుపక్కల. హీటరుతో కుదరదు. చన్నీళ్లతోనైనా వద్దనే చెబుతాను.

ఇస్త్రీ బండికి రోజూ ముప్పై జతలు వెళ్తాయి. ఎవరిది తప్పిపోయిందో తేలడం లేదు. – వరంగల్

రజకులు నల్లజీడి రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులు పడినా చెరిగేది కాదు. ఇప్పుడు చెరగని ఇంకు ఉన్న లాండ్రీ మార్కర్‌తో కాలరు లోపల, నడుము పట్టీ లోపల మనిషికో అంకె రాయండి. గూగుల్ షీట్‌లో అయిదు నిలువు వరసలు చాలు: తేదీ, అంకె, రకం, ఇచ్చినవి, వచ్చినవి. సమ్ఇఫ్ (SUMIF, షరతుకు సరిపోయినవాటినే కూడేది) ఫార్ములాతో ఒక్కో అంకెకీ ఇచ్చినవాటిలోంచి వచ్చినవి తీసేస్తే బండి దగ్గర ఎవరివెన్ని ఉన్నాయో కనిపిస్తుంది. షీట్ అందరితో పంచుకోండి, కానీ రాసే అనుమతి ఇద్దరికే ఇవ్వండి. మూట కట్టే ముందు బట్టలు పరిచి ఓ ఫొటో తీసి పెట్టుకుంటే చీరల విషయంలో వాదన ఉండదు. లెక్క చూసుకోవాల్సింది మూట విప్పిన వెంటనే, బండి అబ్బాయి గుమ్మంలో ఉండగానే.