స్పేస్ కథల్లో దేవుడెందుకు అంటే
సైన్స్ అంత ముందుకెళ్ళాక కూడా స్పేస్ కథల్లో ప్రార్థనలు, పూజారులు ఎందుకు అని అడిగారు. నేను పెరిగింది సూళ్ళూరుపేటలో అండి. రాకెట్ ప్రయోగం ముందు ఇస్రో చైర్మన్ వచ్చి చెంగాళమ్మ గుడిలో పూజ చేయించుకోవడం మాకు మామూలే, తిరుమలకైతే రాకెట్ నమూనా కూడా తీసుకెళ్తారు. మా పక్కింటి అంకుల్ షార్‌లో (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పనిచేసేవారు, లాంచ్ రోజు గుడికెళ్ళి బొట్టు పెట్టుకునే డ్యూటీకి వెళ్ళేవారు. లెక్కలు రాకనా? అందుకే, భవిష్యత్తులో అందరూ దేవుణ్ణి వదిలేసినట్టు రాసిన కథలు నాకు ఎక్కవు.

ఆర్థర్ సి. క్లార్క్ 1955లో రాసిన 'ది స్టార్' చదవండి, చిన్న కథే (ముగింపు చెప్పేస్తున్నా, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి). అందులో నౌకలోని ఖగోళ శాస్త్రవేత్త ఒక జెస్యూట్ ఫాదర్, మన విజయవాడ లయోలా కాలేజీ పెట్టిన క్యాథలిక్ ఫాదర్ల సభ వాళ్ళే. పేలిపోయిన ఒక నక్షత్రం దగ్గర, చివరి గ్రహం మీద, కాలిపోయిన జాతి దాచిపెట్టుకున్న గుర్తులు దొరుకుతాయి, వాటిల్లో పిల్లలు నీలం ఇసుక ఒడ్డున అలల్లో ఆడుకునే దృశ్యం కూడా ఉంటుంది. ఆ పేలుడు వెలుగు భూమికి ఎప్పుడు చేరిందో ఫాదర్ లెక్క కడితే అది బెత్లెహేము నక్షత్రం అని తేలుతుంది. నమ్మకం లేనివాడికి అది ఒక తేదీ, అంతే. ఆయనకి మాత్రం ఆ పిల్లల్ని కాల్చిన వెలుగూ, క్రీస్తు పుట్టాడని చెప్పిన వెలుగూ ఒకటే. భక్తుడు లేకపోతే అసలు కథే లేదు, మీ ప్రశ్నకి నా జవాబు ఇదే.

టీవీలో అయితే 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' సీరియల్, 1993లో మొదలైంది. బజోర్ అనే గ్రహం దగ్గర ఒక స్పేస్ స్టేషన్‌లో జరిగే కథ. అక్కడి వార్మ్‌హోల్‌లో (అంతరిక్షంలో దూరాల్ని కలిపే సొరంగం లాంటిది) ఉండేవాళ్ళు ఆ గ్రహం మనుషులైన బజోరన్లకి దేవుళ్ళు, స్టేషన్ నడిపే స్టార్‌ఫ్లీట్ వాళ్ళకి ఏలియన్స్. స్టేషన్ స్కూల్లో టీచర్ కీకో పిల్లలకి ఏలియన్స్ అనే చెప్తుంటే, విన్ అనే బజోరన్ మతగురువు క్లాసులోకే వచ్చి అడ్డుపడుతుంది, గొడవ స్టేషనంతా పాకుతుంది. ఇదంతా తెలివితక్కువతనం అని స్టేషన్ కమాండర్ సిస్కో కొడుకు అంటే సిస్కో ఒప్పుకోడు, బజోర్‌ని ఆక్రమించిన కార్డేషియన్ల కింద యాభై ఏళ్ళకి పైగా నలిగినప్పుడు బజోరన్లని బతికించింది ఆ నమ్మకమే అని చెప్తాడు. విన్ చేసే రాజకీయాన్ని మాత్రం కథ వదిలిపెట్టదు. భక్తిని, భక్తి పేరుతో అధికారాన్ని ఇంత శుభ్రంగా విడదీసి చూపించిన స్పేస్ సీరియల్ నేను ఇంకోటి చూడలేదు. ఈ స్కూలు గొడవ ఉన్నది మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో, సీరియల్ మొదటి ఎపిసోడ్ చూసి నేరుగా దీనికొచ్చినా అర్థమవుతుంది.