పచ్చిక పాలిపోయిందా? అన్నభేది ఇలా కొట్టు

అబ్బాయ్,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముదురాకులు బాగానే ఉన్నాయి, కొత్తగా వచ్చిన ఆకులే పసుపెక్కాయి, వాటిలో ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇది ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముందు పాలిపోయేది ముదురాకులు. కాబట్టి మళ్లీ యూరియా చల్లకు, గడ్డి ఏపుగా పెరిగి నీకు కోత పని పెరగడం తప్ప రంగు రాదు.

మన అనంతపురం చేలో సున్నపురాళ్లున్న పక్క వేరుశనగ ఏటా ఇలాగే పాలిపోయేది. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మీ డాలస్ నల్లమట్టిలోనూ సున్నం ఎక్కువే, అందుకే మందు నేలకి కాదు, ఆకుకి పట్టాలి. మేం లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు వేసి కొట్టేవాళ్లం. నీకూ అదే లెక్క. అన్నభేది అంటే ఇనుము ఉన్న ఉప్పే, అక్కడ దాన్ని ఫెర్రస్ సల్ఫేట్ అని, నిమ్మ ఉప్పుని సిట్రిక్ యాసిడ్ అని అమ్ముతారు.

వెయ్యి చదరపు అడుగులకి 12 లీటర్ల నీళ్లు, అంటే మీ లెక్కలో మూడు గ్యాలన్లకి కాస్త ఎక్కువ. ముందు నిమ్మ ఉప్పు 12 గ్రాములు కరిగించు, అది పూర్తిగా కరిగాకే అన్నభేది 60 గ్రాములు వెయ్యి. ఈ వరస తప్పొద్దు, ఎందుకంటే మామూలు కుళాయి నీళ్లలో అన్నభేది ఒక్కటే వేస్తే ఇనుము తుప్పుగా మారి అడుగున పేరుకుంటుంది, దాన్ని ఆకు పీల్చుకోలేదు. కవరు మీద ఇనుము 20 శాతం అని ఉంటేనే ఈ 60 గ్రాములు, 30 శాతం అని ఉంటే 40 చాలు. నీళ్లు లేత ఆకుపచ్చగా, తేటగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగితే పారబోసెయ్. ఒకసారి నేను రాత్రి కలిపి పెట్టుకుని పొద్దున్నే కొట్టాను, మందూ పోయింది, నాజిల్ కూడా మూసుకుపోయింది. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి.

ఎండ ముదరకముందే కొట్టు, లేదంటే సాయంత్రం. గడ్డి ముందురోజే కోసెయ్, కొట్టాక ఒక రోజు స్ప్రింక్లర్ ఆపెయ్. ఎక్కువైతే గడ్డి నల్లబడుతుంది, తొందరగా పచ్చబడాలని డోసు పెంచకు.

సిమెంటు మీద పడితే మాత్రం తుప్పు మరక పడుతుంది, అది మామూలు కడుగుడుకి పోదు. డ్రైవ్‌వే అంచున అట్ట అడ్డం పెట్టుకుని కొట్టు, చుక్క పడితే ఆరకముందే నీళ్లు గుమ్మరించు. షూస్ కూడా అక్కడే కడుక్కో, ఇంట్లోకి అలాగే రాకు.

రెండు మూడు రోజుల్లో రంగు తిరుగుతుంది. మూడు నాలుగు వారాలకి మళ్లీ పసుపు కనిపిస్తే బెంగపడకు, పాత ఆకులోని ఇనుము కొత్త చిగురుకి పెద్దగా పోదు, అందుకని మళ్లీ కొట్టాల్సిందే. నీది బెర్ముడా గడ్డి కదా, అది మన గరికే, తట్టుకుంటుంది.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. ఆ పొడి పాపకి అందకుండా పై అరలో పెట్టు. ఇనుము చిన్నపిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి ఆరేదాకా పాపని బయటికి వదలకు.

మొదట పెరట్లో ఓ మూల మాత్రమే కొట్టి చూసి, మూడో రోజు ఫొటో పెట్టు.

పెదనాన్న