ఆ పసివాడు నా కొడుకేనా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. క్రైస్తవులం. నాలుగేళ్లుగా ఇజ్రాయెల్‌లో, కార్మెల్ కొండ మీద, డ్రూజ్ అనే మతానికి చెందిన ఒక కుటుంబంలో వృద్ధురాలిని చూసుకునే పని చేస్తున్నాను. కిందటి ఆగస్టులో మా తొమ్మిదేళ్ల బాబు జ్వరంతో చనిపోయాడు. కడసారి చూపుకు కూడా అందలేదు. ‘ఏడవకు, వాడు ఆ క్షణమే ఇంకో తల్లి ఒడిలో పుట్టాడు’ అంటుంది పెద్దామె. అదే రాత్రి పక్కింట్లో మగపిల్లవాడు పుట్టాడు. రోజూ వాణ్ణి ఎత్తుకుంటే గాని నాకు నిద్ర పట్టడం లేదు. ఫోనులో చెబితే మా ఆయన కోప్పడ్డారు. పాస్టర్ గారు పాపమన్నారు. సమాధుల పండుగకు రమ్మని మా అమ్మాయి అడుగుతోంది. ఆ మట్టిని చూసే ధైర్యం లేదు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, పెద్దామె ఆ మాట మిమ్మల్ని మభ్యపెట్టడానికి అనలేదు. తన ఇంట్లో చావు జరిగినా ఆమె వినేది అదే. ఆత్మ దేహం మారడాన్ని డ్రూజ్‌లు ‘తకమ్ముస్’ అంటారు. అరబ్బీలో ‘ఖమీస్’ అంటే చొక్కా. మనం కమీజు అనేదీ ఆ మాటనే. చావంటే చొక్కా మార్చుకోవడం. ఊళ్లో ఎవరైనా పోతే మైకులో వినిపించే గీతలోనూ పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు అనే పోలిక ఉంది కాబట్టి, క్రైస్తవ ఇంట పుట్టినా ఆ మాట మీ చెవికి కొత్తగా తోచి ఉండదు.

అయితే వారి నమ్మకానికి గట్టి హద్దులున్నాయి. 1017లో ఈజిప్టులో మొదలైన ఈ మతం 1043 నుంచి కొత్తవారిని చేర్చుకోవడం మానేసింది. ఆత్మ ఆలస్యం లేకుండా మరో మనిషి శిశువులోకే వెళుతుందని, జంతువులోకి వెళ్లదని, డ్రూజ్ డ్రూజ్‌గానే పుడతాడని వారి విశ్వాసం. అంటే వారి లెక్క ప్రకారం చూసినా గోదావరి ఒడ్డున కన్నుమూసిన మీ బాబు ఆ ఉయ్యాలలోకి రాడు. పెద్దామె జాలితో మీ కోసం తన నమ్మకాన్ని కొంచెం సాగదీసింది.

మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఇంకొకటి ఉందని నా అనుమానం. మాటలు వచ్చే వయసులో కొందరు పిల్లలు గత జన్మ సంగతులు చెబుతారని డ్రూజ్‌లు నమ్ముతారు. దాన్ని ‘నుత్క్’ అంటారు. అలాంటి బిడ్డను పాత ఇంటికి తీసుకువెళతారు, రెండు కుటుంబాలూ వాణ్ణి తమవాడిగా చూసుకోవడమూ ఉంది. ఆ కథలు వింటూ, ఈ పసివాడు మాటలు నేర్చి మిమ్మల్ని తెలుగులో ‘అమ్మా’ అని పిలుస్తాడని ఎదురు చూస్తున్నారా? అలాగైతే ఆపేయండి. వాడికి కన్నతల్లి ఉంది. మీ దుఃఖాన్ని మోసే పని ఆ పసివాడికి పెట్టకూడదు.

ఇక మీ విశ్వాసం. మనుషులు ఒక్కసారే చనిపోతారని, తర్వాత తీర్పు అని బైబిల్లోని హెబ్రీ పత్రిక స్పష్టంగా చెబుతుంది. ఏలీయా ప్రవక్త మళ్లీ బాప్తిస్మమిచ్చు యోహానుగా పుట్టాడు కదా అని అక్కడ ఎవరైనా అడగవచ్చు, మీరుండే కార్మెల్ ఆ ఏలీయా కొండే కాబట్టి. నువ్వు ఏలీయావా అని అడిగితే కాదన్నాడు యోహాను. పైగా ఏలీయా చనిపోలేదు, సుడిగాలిలో పైకి వెళ్లాడు. చనిపోనివాడు మళ్లీ పుట్టడం ఎలా? అయితే మీకు నేను చూపేది దావీదు రాజును. బిడ్డ పోయినప్పుడు ఆయన, నేను వాడి దగ్గరికి వెళతాను గాని వాడు నా దగ్గరికి తిరిగి రాడు అన్నాడు. కఠినంగా వినిపించినా, మళ్లీ కలుస్తామన్న ఆశ ఆ మాటలోనే ఉందని క్రైస్తవులు చదువుకుంటారు.

మీ పాస్టర్ గారు సిద్ధాంతం సరిగ్గానే చెప్పారు, చెప్పిన వేళ సరికాదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. బిడ్డ పోయిన తల్లి ఒక పసివాణ్ణి హత్తుకుంటే దానికి పాపమని పేరు పెట్టనక్కరలేదు. పునర్జన్మ నమ్మేవారి కళ్లు మాత్రం ఆరిపోతాయా? 2024 జులై 27న గోలన్ కొండల్లోని మజ్దల్ షమ్స్ అనే డ్రూజ్ ఊళ్లో ఫుట్‌బాల్ మైదానం మీద రాకెట్ పడి 12 మంది పిల్లలు చనిపోయినప్పుడు, ఆ డ్రూజ్ తల్లులు శవపేటికల మీద పడి ఏడ్చారు.

తేడా వచ్చేది దేహం దగ్గర. విడిచిన చొక్కాకు డ్రూజ్‌లు సంప్రదాయంగా పెద్ద పట్టింపు ఇవ్వరు. మీకు ఆ దేహం పౌలు చెప్పినట్టు నాటిన విత్తనం, లేపబడేదాకా అక్కడ నిద్రిస్తున్నది. అందుకే మనవాళ్లు రాళ్ల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కిస్తారు, నవంబరు 2న సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మీరు మట్టి చూడలేదు కాబట్టే బాబు ఎక్కడో ఉన్నాడని మనసు వెతుకుతోంది. వెళ్లండి. తిరిగి ప్రవేశించే అనుమతి పాస్‌పోర్టులో వేయించుకున్నాకే టికెట్ కొనండి.

మీ ఆయన కోపం గురించి ఒక్క మాట. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చింది ఆయన, మీరు పక్కన లేకుండా. వాడు ఇక్కడే ఉన్నాడని మీరంటే, నేను పాతిపెట్టింది ఎవరిని అని ఆయనకు అనిపించి ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో అడిగి, పూర్తిగా చెప్పనివ్వండి.

తిరిగి వచ్చాక పక్కింటికి వెళ్లడం మెల్లగా తగ్గించండి. నిద్ర అప్పటికీ కుదుటపడకపోతే డాక్టరును కలవండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇంత ఉత్తరంలో మీ అమ్మాయి గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. తమ్ముడి సమాధి దగ్గర అమ్మ చెయ్యి పట్టుకోవాలని అడుగుతోంది ఆ పిల్ల. తేదీ ఖాయం కాగానే మొదటి ఫోను ఆమెకే చేయండి.