వెడల్పు టైర్లకు ఆరు వేలు ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. 2017 హోండా సిటీ పెట్రోలు కారు, వి వేరియంట్ ఉంది. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాం, లీటరుకు 15 వస్తోంది. టైర్లు 175/65 ఆర్15, 2021లో వేయించినవి. ముందు రెండూ అరిగిపోయాయి, వెనకవి ఇంకా సగం ఉన్నాయి. రిమ్ములు కంపెనీవే, లోపల 5.5జె అని ఉంది. ఇదే సైజు టైరు ఒక్కోటి 5,400, అదే 195/60 ఆర్15 అయితే 6,900 అని షాపులో చెప్పారు. వెడల్పువి వేస్తే ఘాట్‌లో పట్టు బాగుంటుందట, స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద తగలదట, మైలేజీ కూడా తగ్గదట. మా బామ్మర్ది ఏకంగా 205/60 వేయించమంటున్నాడు. బ్యాంకులో 60,000 ఉన్నాయి. ఏప్రిల్‌లో కారు ఇన్సూరెన్స్ 14,000, జూన్ మొదట్లో పాప ఫీజు 40,000 కట్టాలి. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 5,000 సిప్ పోగా నెలకు 8,000 మిగులుతుంది. రెండు నెలలు సిప్ ఆపి నాలుగూ వెడల్పువి వేయించేదా, లేక ఈఎంఐ పెట్టుకునేదా? మూడేళ్లలో కారు మార్చే ఆలోచన ఉంది.

జవాబు: సిప్ ఆపొద్దు, ఈఎంఐ వద్దు, నాలుగు టైర్లు ఇప్పుడే వద్దు. 175/65 ఆర్15లోనే రెండు టైర్లు ఈ నెలలో వేయించండి. మిగతా రెండు అక్టోబరులో చూసుకుందాం.

మీ డబ్బు లెక్కతో మొదలుపెడదాం. జూన్ మొదటి వారానికి మీ చేతిలో ఉండేది ఇప్పటి 60,000తో పాటు ఏప్రిల్, మే నెలల్లో మిగిలే 16,000. అందులో ఇన్సూరెన్స్‌కు, ఫీజుకు 54,000 పోతే మిగిలేది 22,000. నాలుగు వెడల్పు టైర్లు 27,600. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వులకు ఇంకో 1,600 అనుకుంటే 29,200 అవుతుంది. అంటే 7,200 తక్కువ పడుతుంది. సిప్ ఆపాలన్న ఆలోచన మీకు వచ్చింది అక్కడే. పాత సైజులో నాలుగు వేయించినా 23,200 కావాలి, అప్పుడూ 1,200 తక్కువే. రెండే వేయిస్తే అన్నీ కలిపి సుమారు 12,000తో పని అయిపోతుంది. ఫీజు కట్టాక కూడా ఇంకో 10,000 మీ దగ్గరే ఉంటాయి.

ఇలా రెండు రెండుగా కొనడం సైజు మార్చకపోతేనే కుదురుతుంది. ముందు 195, వెనక 175 వేసుకుని తిరగడానికి వీల్లేదు. ముందూ వెనకా పట్టు వేరుగా ఉంటే వానలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఎటు లాగుతుందో చెప్పలేం. కాబట్టి వెడల్పు పెంచాలంటే నాలుగూ ఒకేసారి కొనాలి, సగం బతికే ఉన్న వెనక టైర్లను చవగ్గా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలి. షాపు చెప్పిన ఆరు వేల తేడాలో ఈ నష్టం లేదు. డిక్కీలో ఉన్న స్టెప్నీ సంగతీ అంతే. అది 175 కాబట్టి మిగతావి 195 అయితే పంచర్ పడ్డప్పుడు దాన్ని మెల్లగా షాపు దాకా నడపడానికే పనికొస్తుంది.

ఇక షాపు వాళ్ల మాటల్లో నిజమెంతో చూద్దాం. టైరు మీది అంకెల్లో 175 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. లెక్క వేస్తే మీ టైరు మొత్తం ఎత్తు 608.5 మిల్లీమీటర్లు వస్తుంది. 195/60 అయితే 615. తేడా ఒక శాతం పైచిలుకు, అది ఫరవాలేదు. 5.5జె, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పున్న రిమ్ము మీద 195/60 కూర్చుంటుంది కానీ, ఆ సైజుకు అనుమతించే రిమ్ము వెడల్పుల్లో అదే అన్నిటికన్నా చిన్నది. 205/60 ఎత్తు 627, అంటే మూడు శాతం పెరిగింది. మీటరు వంద చూపిస్తుంటే బండి 103లో పోతుంటుంది. నిండా జనం ఎక్కి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల ఎక్కడైనా రాసుకోవచ్చు కూడా. బామ్మర్ది గారి సలహాను ఇక్కడితో వదిలేద్దాం.

వెడల్పు పెంచాలంటే కంపెనీ ఎలా పెంచుతుందో మీ కారులోనే ఉదాహరణ ఉంది. 2017లో రూపం కాస్త మార్చి తెచ్చినప్పుడు (ఫేస్‌లిఫ్ట్) పై వేరియంట్లకు 185/55 ఆర్16 ఇచ్చారు. వెడల్పు పెంచింది పది మిల్లీమీటర్లే, దానికోసం రిమ్మునూ ఒక అంగుళం పెంచారు. మొత్తం ఎత్తు 609.9, అంటే మీ టైరుకూ దానికీ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. మీ రిమ్ములు మార్చకుండా ఇరవై పెంచుతామంటున్నది షాపు.

కింద తగలడం గురించి. టైరు ఎత్తు ఆరున్నర మిల్లీమీటర్లు పెరిగితే బండి లేచేది అందులో సగమే, మూడు మిల్లీమీటర్ల చిల్లర. మన వీధుల్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకు అదేం ఆనుతుంది! తొమ్మిదేళ్ల బండి కాబట్టి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కుంగి ఉండొచ్చు. ఒకసారి మెకానిక్‌కు చూపించండి. నిజంగా అవి పోయి ఉంటే మీ అదనపు ఆరు వేలు అక్కడ పెట్టడం మేలు.

ఘాట్ పట్టు విషయంలో కొంచెం నిజం ఉంది. పొడి రోడ్డు మీద, మలుపుల్లో వెడల్పు టైరు కాస్త స్థిరంగా అనిపిస్తుంది. కానీ తిరుమల నుంచి దిగేటప్పుడు మీరు ఆ పట్టు చివరి అంచు దాకా వెళ్లేంత వేగంగా నడపరు, నడపనివ్వరు కూడా. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులోనే ఇప్పుడు మనం కిందికి దిగుతున్నాం. అక్కడ కాపాడేది రెండో గేరు, ఓపిక, మంచి బ్రేకులు. భాకరాపేట ఘాట్‌లోనూ అంతే. ఇక నిలిచిన నీళ్ల మీద వెడల్పు టైరు పక్కకు తోయాల్సిన నీరు ఎక్కువ, అది త్వరగా తేలిపోతుంది. మనకు పెద్ద వానలు పడేది నవంబరు చుట్టూ. 2021 నవంబరులో తిరుపతి రోడ్లు ఎలా ఉన్నాయో మీరే చూసి ఉంటారు. తడి రోడ్డు మీద పట్టుకు రబ్బరు నాణ్యత, మిగిలిన గాడుల లోతు ముఖ్యం. గాడుల మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే. మీ ముందు టైర్లు ఇప్పటికే ఆ స్థితిలో ఉంటే ఈ జవాబు చదివిన వారంలోనే షాపుకు వెళ్లండి, జీతం కోసం ఆగొద్దు.

"మైలేజీ తగ్గదు" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. టైరు వెడల్పూ బరువూ పెరిగితే దొర్లడానికి ఇంజిన్ కొంచెం ఎక్కువ పని చేయాలి. ఎంత తగ్గుతుందనేది టైరు రకాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం మూడు శాతం అనుకుందాం. మీ 9,000 కిలోమీటర్లకు 600 లీటర్లు, అందులో మూడు శాతం 18 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే ఏడాదికి 1,980, మూడేళ్లకు దాదాపు 6,000. షాపులో ఇచ్చే అదనపు ఆరు వేలు, బంకులో పోసే ఆరు వేలు, మొత్తం పన్నెండు వేలు. మీ ఒక ఏడాది ఇన్సూరెన్స్‌కు దగ్గర దగ్గరగా వచ్చింది. ఒక తిరకాసు కూడా ఉంది. టైరు ఎత్తు పెరిగితే మీటరు తిరిగిన దూరాన్ని ఒక శాతం తక్కువగా చూపిస్తుంది. అందుకే వెడల్పు టైర్లు వేయించినవాళ్లు మైలేజీ బాగా పడిపోయిందని అనుకునేదాంట్లో కొంత నిజం, కొంత మీటరు మాయ.

పోనీ అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందా? రాదు. పాత కారు కొనేవాళ్లు టైరులో గాడులు చూస్తారు, తయారీ తేదీ చూస్తారు. వెడల్పు చూసి రేటు పెంచేవాళ్లు నాకు తెలిసి లేరు. కంపెనీ సైజు కాకపోతే "ఎందుకు మార్చారు" అని అడిగి బేరం ఆడేవాళ్లు మాత్రం ఉంటారు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో టైరు ఒక్కటే పగిలితే క్లెయిమ్ రాదు. కారు కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటేనే టైరుకు ఇస్తారు, అదీ ధరలో సగం వరకే. టైర్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్-ఆన్ అమ్ముతారు. ఏడాదికి 9,000 తిరిగే బండికి నేనైతే తీసుకోను. కారు కంపెనీ ఇచ్చిన సైజుల్లో లేని టైరు వేస్తే, పెద్ద ప్రమాదం క్లెయిమ్‌లో సర్వేయరు ఆ ప్రశ్న వేసే అవకాశం ఉంటుంది. క్లెయిమ్ పోతుందని భయపెట్టడం లేదు. కానీ ఆ సమయంలో సంజాయిషీ చెప్పుకునే పని మనకెందుకు?

ఈఎంఐ జోలికి ఎందుకు వద్దన్నానంటే, నో-కాస్ట్ అని పేరే కానీ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద, వడ్డీ భాగం మీద జీఎస్టీ మీరే కట్టాలి. నగదు ఇస్తే దొరికే తగ్గింపు కూడా పోతుంది. పన్నెండు వేల పనికి అంత అవసరం లేదు.

కొనేటప్పుడు ఒకటి చూడండి. కారు టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. మీకు చెప్పిన 5,400 కొత్త పన్నుతోనేనా, పాత రేటు షీటు చూసి చెప్పారా అడగండి. వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో వాళ్లు 2020 నుంచి టైర్లు చేస్తున్నారు. మన జిల్లా టైరే కదా, తక్కువకు ఇవ్వమని ఒకాయన షాపులో వాదించడం విన్నాను. అలా తగ్గదు కానీ రెండు మూడు షాపులు తిరిగితే మాత్రం తగ్గుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 0526 అంటే 2026లో ఐదో వారం. ఏడాది దాటిన స్టాకు అయితే వేరేది తెమ్మనండి. సైజు పక్కన ఉండే లోడు అంకె 84కి తగ్గకూడదు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుందని. ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని ఖరీదైన రకం అంటగట్టబోతే వద్దనండి. మీ తిరుగుడుకు గాడులు అరిగేలోపే మన ఎండలకు రబ్బరు గట్టిపడుతుంది. అంతకంటే తడి రోడ్డు మీద పట్టు బాగున్న రకం ఒక్కోటి మూడు నాలుగు వందలు ఎక్కువైనా తీసుకోండి. ఆ ఖర్చు పెట్టమని నేనే అంటాను.

కొత్త రెండు టైర్లనూ వెనక వేయించి, ఇప్పుడు వెనకున్నవాటిని ముందుకు తెమ్మనండి. షాపులో కుర్రాళ్లు దీనికి ఎదురు చెబుతారు, ఇంజిన్ బరువు ముందుంది కదా కొత్తవి ముందే వేయాలంటారు. ఒప్పుకోకండి. వానలో ముందు టైర్లు జారితే స్టీరింగ్‌తో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి సర్దుకోవచ్చు. వెనకవి జారితే బండి తిరిగిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీకు మిగిలేది 32,000. అందులోంచి నెలకు మూడు వేలు పక్కన పెట్టండి. అక్టోబరులో వానలకు ముందే మిగతా రెండూ మార్చేయొచ్చు. అప్పుడు తీసిన వాటిలో మంచిదాన్ని స్టెప్నీగా పెట్టుకోండి. ఇప్పుడున్న స్టెప్నీ కారుతో వచ్చినదే అయితే దానికి తొమ్మిదేళ్లు దాటాయి, దాన్ని నమ్ముకుని చెన్నై బయల్దేరొద్దు.

బిల్లు లేకుండా ఐదు వందలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లులో టైరు సైజు, సీరియల్ నంబర్లు, కారు నంబరు రాయించుకోండి. ఆరు నెలలకు పక్కగోడ ఉబ్బితే కంపెనీ వారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం.