బ్యారెల్ వేడెక్కితే గురి తప్పుతోందా? స్టాక్ బెడ్డింగ్, ఫ్లోటింగ్ సంగతులు

సందేహం: గ్రీన్ కార్డ్ వచ్చాక జింకల వేటకని కర్ర స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క భాగం) ఉన్న రెమింగ్టన్ 700 కొన్నాను, .308 క్యాలిబర్. మొదటి రెండు తూటాలు పక్కపక్కనే పడతాయి. మూడోది, నాలుగోది పైపైకి పోతాయి. స్టాక్ బెడ్డింగ్ చేస్తే సరిపోతుందంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చండీ. బెడ్డింగ్ అంటే యాక్షన్ (తూటాను లోపలికి తోసి పేల్చే లోహపు భాగం) స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా దాని కింద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పోయడం. ఫ్లోటింగ్ అంటే బ్యారెల్ స్టాక్‌ను తాకకుండా చుట్టూ సందు చేయడం. కానీ ఎపాక్సీ డబ్బా తెరిచే ముందు దోషం స్టాక్‌లోనే ఉందని తేల్చుకోండి. స్కోప్ రింగుల స్క్రూలు వదులైనా గ్రూపు (తూటాలు పడే గుంపు) చెదురుతుంది. టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) వాటిని 15 నుంచి 18 అంగుళం-పౌండ్లకు బిగించండి. తర్వాత రెండు మూడు రకాల తూటాలు తెచ్చి, ఒక్కో రకం ఐదేసి కాల్చి చూడండి. ఒక రకం 100 గజాల్లో అంగుళంలో పడి, ఇంకోటి మూడంగుళాలు చెదిరితే తప్పు తూటాది. దానికి బెడ్డింగ్ మందు కాదు.

అవన్నీ బాగుంటే ఖాళీ రైఫిల్‌తో (తూటా కూర్చునే ఛాంబర్‌ను రెండుసార్లు చూసుకోండి) రెండు పరీక్షలు. డాలర్ నోటును బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి, ముందు కొస నుంచి యాక్షన్ వైపు లాగండి. ఎక్కడ ఆగితే అక్కడ చెక్క బ్యారెల్‌ను తాకుతున్నట్టు. రెమింగ్టన్ 700 కర్ర స్టాక్‌లలో చాలావాటికి ముందు కొసన కావాలనే ఒక మిట్ట వదిలి ఉంటుంది, బ్యారెల్‌ను కాస్త పైకి నెట్టి పట్టడానికి. బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడి ఒకలా, వేడెక్కాక మరోలా ఉంటుంది. మీ మూడో తూటా పైకి పోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

రెండో పరీక్షకు డయల్ ఇండికేటర్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) కావాలి. దాన్ని బ్యారెల్‌కు బిగించి, మొనను స్టాక్ ముందు కొసకు ఆనించి, ముందు వైపు యాక్షన్ స్క్రూను మెల్లగా వదులు చేయండి. ముల్లు 0.002 అంగుళం లోపే కదిలితే బెడ్డింగ్ జోలికి పోకండి, ఫ్లోటింగ్ చాలు. 0.005 దాటిందంటే, స్క్రూ బిగించిన ప్రతిసారీ యాక్షన్ వంగుతోందన్నమాట. అలాంటి రైఫిల్‌కు ఫ్లోటింగ్ ఒక్కటే చేసి ఊరుకుంటే గ్రూపు ఇంకా పాడవచ్చు: కింద ఆసరా తీసేశాక బ్యారెల్ బరువంతా సరిగ్గా కూర్చోకుండా ఉన్న ఆ యాక్షన్ మీదే పడుతుంది.

ముందు ఫ్లోటింగ్ పని ముగించండి, దుమ్మంతా అప్పుడే పోతుంది. బ్యారెల్ కంటే కొంచెం లావున్న సాకెట్‌కు 80 నంబరు గరుకు కాగితం చుట్టి, గాడిని సమంగా రుద్దండి. నోటు దూరితే చాలనుకోవద్దు. చుట్టూ 1.5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. హ్యూస్టన్ లాంటి చోట గాలిలో తేమకు చెక్క ఉబ్బితే సన్నటి సందు ఇట్టే మూసుకుపోతుంది. రుద్దిన చోట పాలీయురేథేన్ రెండు పూతలు వేయండి. పచ్చి చెక్కను అలా వదిలేస్తే చేసిన పనంతా వృథా.

ఇక బెడ్డింగ్. డెవ్‌కాన్ ప్లాస్టిక్ స్టీల్ పుట్టీ, మెరీన్‌టెక్స్, బ్రౌనెల్స్ ఆక్రాగ్లాస్ జెల్, ఈ మూడు ఎపాక్సీల్లో ఏదైనా పనికొస్తుంది. రెసిన్‌నూ గట్టిపరిచే భాగాన్నీ కలిపే పాళ్లు మాత్రం వేరు. డెవ్‌కాన్ పుట్టీకి బరువులో 9:1, మెరీన్‌టెక్స్‌కు ఘనపరిమాణంలో 5:1, ఆక్రాగ్లాస్ జెల్‌కు సగం సగం. కళ్లతో అంచనా వేస్తే మిశ్రమం జిగురుగానే మిగిలిపోతుంది. బరువు పాళ్లకు కిరాణా తూకం కాదు, గ్రాములు చూపే చిన్న డిజిటల్ త్రాసు, ఘనపరిమాణం పాళ్లకు కొలత చెంచాలు వాడండి.

స్టాక్‌లో రికాయిల్ లగ్ (పేలినప్పటి తన్నును స్టాక్‌కు అందించే లోహపు పలక) కూర్చునే గుంటను, రిసీవర్ (యాక్షన్ ఒళ్లు) ముందు రింగు కింద, వెనక ట్యాంగ్ (దాని తోక) కింద ఉన్న చెక్కను 2 మిల్లీమీటర్ల దాకా చెక్కేయండి. ఎత్తు మారకుండా అక్కడక్కడా పాత చెక్కను చిన్న గట్టులా ఉంచండి. వీలైతే స్క్రూ రంధ్రాల్లో అల్యూమినియం పిల్లర్లు (చిన్న గొట్టాలు) కూడా ఇప్పుడే పెట్టండి. అవి ఉంటే స్క్రూ బిగింపుకు చెక్క నలగదు. తర్వాత అసిటోన్‌తో జిడ్డు తుడవండి.

ఇంట్లో చేసేవాళ్ల పని చెడేది దీని తర్వాత మెట్టులోనే. ఎపాక్సీ లోహంలో ఏ చిన్న రంధ్రంలోకి దిగినా యాక్షన్ స్టాక్‌కు తాళం పడినట్టు బిగుసుకుపోతుంది. ట్రిగ్గర్ ఊడదీసి, దాని పిన్ను రంధ్రాలు, బోల్ట్ స్టాప్ గాడి, మ్యాగజీన్ సందు, అన్నిటినీ పిల్లలు ఆడుకునే మైనపు బంకమట్టితో నింపి అంచులు బ్లేడుతో సాపు చేయండి. రికాయిల్ లగ్ ముందు ముఖానికి, పక్కలకు, అడుగుకు ఎలక్ట్రికల్ టేపు అంటించండి. వెనక ముఖానికి వద్దు, తన్ను పడేది దానిమీదే కాబట్టి అది ఎపాక్సీకి నేరుగా ఆనాలి. బ్యారెల్ గాడి మధ్యలో నిలబడేలా ముందు కొస దగ్గర నాలుగైదు చుట్లు టేపు వేయండి. ఆపైన రంగులేని కివీ బూటు పాలిష్ లోహమంతా రెండు పూతలు, స్క్రూలకు కూడా. పూసిందో లేదో అనుమానం వచ్చిన చోట మళ్లీ పూయండి.

ఎపాక్సీని లగ్ గుంట అడుగు నుంచి పైకి నింపండి. పైనుంచి కుక్కితే కింద గాలి చిక్కుతుంది. తలలేని గైడ్ స్క్రూలతో యాక్షన్‌ను దించి, ఎలక్ట్రికల్ టేపు చుట్టి పట్టి ఉంచండి. అసలు స్క్రూలు పెట్టి బిగించకండి: బిగిస్తే యాక్షన్ వంగుతుంది, ఎపాక్సీ ఆ వంకరకే అచ్చు పోసినట్టు గట్టిపడుతుంది. పొంగిన దాన్ని తెల్ల వెనిగర్‌లో ముంచిన దూది పుల్లలతో వెంటనే తుడవండి. 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న గదిలో 24 గంటలు కదపొద్దు. చలికాలం గ్యారేజీలో వదిలేస్తే సరిగా గట్టిపడదు, ఇంట్లోకి తెచ్చుకోండి.

విడదీయడానికి స్టాక్ పట్టుకుని బ్యారెల్‌ను రబ్బరు సుత్తితో తట్టండి. రాకపోతే గంటో రెండు గంటలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ తట్టండి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే చెక్క చీలుతుంది. టేపు తీసేసి, స్క్రూలు పక్క గోడలను తాకకుండా రంధ్రాలను డ్రిల్‌తో శుభ్రం చేయండి. ఆవగింజంత గాలి బుడగల గుర్తులు ఉంటే పట్టించుకోనక్కర్లేదు, లగ్ వెనక గుంట పడితే మాత్రం నింపాలి. బిగించేటప్పుడు ముందు స్క్రూ మొదట. ఉత్త చెక్కకు 35-40 అంగుళం-పౌండ్లు, పిల్లర్లు ఉంటే 45 నుంచి మొదలుపెట్టి 65 దాటకుండా. కాల్చే ముందు ట్రిగ్గర్, సేఫ్టీ, బోల్ట్ సరిగా పనిచేస్తున్నాయో చూసుకుని, వారం ఆగి రేంజికి వెళ్లండి.

సందేహం: ఏ రైఫిల్‌కైనా ఇదే పద్ధతా?

జవాబు: కాదు. రూగర్ అమెరికన్ స్టాక్‌లో లోహపు వి-బ్లాకులు ముందే ఉంటాయి, బెడ్డింగ్ అక్కర్లేదు. బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల స్టాండు) మీద బరువు మోపితే ప్లాస్టిక్ ముందు భాగం వంగి బ్యారెల్‌ను తాకుతుందేమో అదొక్కటే చూడండి. మన ఊళ్లలో పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ మీద మోజుతో పాత లీ-ఎన్‌ఫీల్డ్ కొనేవాళ్లూ ఉన్నారు. దాని చెక్క బ్యారెల్‌ను ఒత్తి పట్టేలా ఉండటం తయారీలో భాగమే. దాన్ని రుద్ది ఫ్లోట్ చేయొద్దు.

సందేహం: హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితుడి రైఫిల్‌కు నేను ఈ పని చేసి పెట్టవచ్చా?

జవాబు: జాగ్రత్త. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఎఫ్-1, హెచ్-4కూ ఇదే వర్తిస్తుంది. కొన్ని మినహాయింపుల్లో ముఖ్యమైనది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. దాని గడువు తీరితే మినహాయింపూ తీరినట్టే. సొంతది కాదు, స్నేహితుడిదే అన్న మాట అక్కడ చెల్లదు. లాయరును అడిగాకే చేయి వేయండి. డబ్బు తీసుకుని ఇతరుల తుపాకులు బాగుచేయడం వ్యాపారంగా పెట్టుకుంటే గ్రీన్ కార్డ్ వాళ్లకైనా, పౌరులకైనా ఫెడరల్ లైసెన్సు కావాలి.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు గానీ చెప్పాల్సిందే. రేంజికి తీసుకెళ్లిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలన మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, అమెరికాలో కొన్న రసీదు చూపించినా.