కారులో సౌండ్ సిస్టమ్ మారిస్తే వారంటీ మొత్తం పోయినట్టేనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. నిరుడు మా అబ్బాయికి 78 లక్షలు పెట్టి కొత్త స్పోర్ట్స్ కారు కొన్నాం. ఇంజను మోతలో కంపెనీ స్పీకర్ల పాట వినపడటం లేదని, విజయవాడలో ఒక షాపులో కొత్త స్పీకర్లు, యాంప్లిఫయర్, వెనక సబ్‌వూఫర్ పెట్టించాడు. 2 లక్షల 40 వేలు ఫోన్‌పేలో కట్టాడు. బిల్లు ఇవ్వలేదు, తెల్ల కాగితం మీద లెక్క రాసిచ్చారు. నెల తిరక్కుండానే బ్యాటరీ దిగిపోవడం, స్క్రీన్ ఆగిపోవడం మొదలైంది. సర్వీస్ సెంటరు వాళ్ళు, బయట వైరింగ్ చేయించారు కాబట్టి కారు మొత్తానికి వారంటీ రద్దు అంటున్నారు. అంతకుముందు నుంచీ ఉన్న గేర్‌బాక్స్ సమస్యను కూడా చూసేది లేదంటున్నారు. షాపు వాళ్ళేమో కారులోనే తేడా ఉందంటున్నారు. పైగా సంక్రాంతి రాత్రి పోలీసులు ఆపి, కారులో మార్పులు చేశారని చలానా రాశారు. మేం ఎవరిని అడగాలి?
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అయ్యా, మిగతా సంగతులకు ముందు ఒక్క మాట. షాపు వాళ్ళు "కారు తీసుకురండి, విప్పి చూస్తాం" అంటే ఇప్పుడే ఇవ్వకండి. సర్వీస్ సెంటరు వాళ్ళనూ ఒక్క వైరు కూడా పీకనివ్వకండి. మీ కేసుకు అసలు సాక్షి ఆ వైరింగే. అది ఉన్నది ఉన్నట్టుగా ఉన్నంతకాలం తప్పు ఎవరిదో తేల్చవచ్చు. విప్పేశాక అవతలివాళ్ళు ఏం చెప్పినా కాదనడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

మొన్నామధ్య నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో ఇలాంటి వైరింగే దగ్గరుండి విప్పించి చూశాను. బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్ళే లావుపాటి ఎర్ర వైరుకు, బ్యాటరీకి రెండు జానల లోపు ఫ్యూజు ఉండాలి. అక్కడ లేదు. వైరు కొసను బ్లేడుతో గీస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం, అంటే అసలు రాగి వైరే కాదు. అదీ చెరువు గట్ల మీద తిరిగిన కారే, ఉప్పుగాలికి జాయింటు దగ్గర ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చగా చిలుము పట్టింది. టేపు చుట్టి వదిలేసిన జాయింటు అది. ఆ ఒక్క ఫొటోతోనే షాపు వాళ్ళ స్వరం మారింది. మీరు కూడా పగటి వెలుతురులో బ్యాటరీ దగ్గర, డిక్కీలో, డోరు ప్యానెల్ పక్కన ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు వారంటీ సంగతి. ఇలాంటి కార్లున్న కుర్రాళ్ళు నాతో తరచూ అనే మాట ఒకటుంది: "బయటి పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ తీసేయకూడదని చట్టం ఉంది సార్." ఉంది, కానీ అది అమెరికాలో. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అది, మన దగ్గర చెల్లదు. అలాగని సర్వీస్ సెంటరు మాటే వేదం కూడా కాదు. వారంటీ అంటే మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం. అందులో "అనుమతి లేని మార్పుల వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదు" అని ఉంటే, ఫలానా మార్పు వల్ల ఫలానా భాగం పాడైందని కంపెనీయే చూపించాలి. "మొత్తం రద్దు" అని నోటితో అనేస్తే సరిపోదు.

మీ విషయంలో నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. బ్యాటరీ, స్క్రీన్ సమస్యలకు కంపెనీ మీద మీ కేసు బలహీనంగానే ఉంది. చాలా జర్మన్ స్పోర్ట్స్ కార్లలో స్క్రీన్ నుంచి యాంప్లిఫయర్‌కు పాట వెళ్ళేది రాగి వైరులో కాదు, సన్నటి ఫైబర్ ఆప్టిక్ తీగలో. ఆ తీగ మీద పరికరాలన్నీ గొలుసులా కలిసి ఉంటాయి. కంపెనీ యాంప్లిఫయర్‌ను తీసి, ఆ కారుకు తగిన ఇంటర్‌ఫేస్ (కొత్త సామానును ఆ తీగకు కలిపే పరికరం) పెట్టకుండా వదిలేస్తే గొలుసు తెగి స్క్రీన్ మూగబోతుంది. తాళం వేశాక కూడా వ్యవస్థ నిద్రపోకుండా మేలుకునే ఉంటే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. మీ కారులో జరిగింది ఇదే అయితే జవాబు చెప్పాల్సింది షాపు. కానీ గేర్‌బాక్స్ వేరే సంగతి. స్పీకర్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం ఏమిటో సర్వీస్ సెంటరు కాగితం మీద రాసివ్వాలి. పైగా ఆ సమస్య ముందు నుంచీ ఉందని మీరంటున్నారు. షాపుకు వెళ్ళకముందు తేదీతో సర్వీస్ సెంటరు ఇచ్చిన జాబ్ కార్డులో గేర్‌బాక్స్ ఫిర్యాదు రాసి ఉంటే అది మీకు బంగారం లాంటిది. వెతికి తీయండి.

కాబట్టి సర్వీస్ సెంటరుకు, కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. వారంటీలో ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారు, ఏ భాగం ఏ కారణంతో పాడైంది అని అడగండి. కంప్యూటర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌ల (లోపాల గుర్తు సంఖ్యల) ప్రింటు కూడా ఇమ్మనండి. జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు, అడిగినట్టు రుజువు మీ దగ్గర ఉంటుంది.

షాపు విషయానికి వస్తే, బిల్లు లేదని దిగులు పడకండి. బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌పే చెల్లింపు, ఆ తెల్ల కాగితం, వాట్సాప్ మెసేజీలు మీకు ఆధారాలు. ఫోన్‌లోని వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేస్తే అవతలి వకీలు వేలెత్తి చూపడానికి ఉండదు. పని సరిగా చేయకపోవడం సేవా లోపం. వైరింగ్ లోపం పరీక్ష చేస్తేనే తేలుతుందనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద తగిన ప్రయోగశాలకు పంపమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

కేసు ఎక్కడ వేయాలన్న చోట చాలామంది పొరపాటు పడతారు. చూసేది మీరు అడిగే నష్టపరిహారం కాదు, మీరు చెల్లించిన సొమ్ము. షాపుకు మీరు కట్టింది 2 లక్షల 40 వేలు కాబట్టి షాపు మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. విజయవాడ వెళ్ళక్కర్లేదు, మీరు నివసించే జిల్లాకు చెందిన కమిషన్‌లో వేసే హక్కు మీకుంది. అదే గేర్‌బాక్స్ గురించి కంపెనీ మీద అయితే కారు ధర 78 లక్షలు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకే, కాబట్టి అది విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది, ఫీజు 2,000. రెండూ కలిపి ఒకే ఫిర్యాదు చేస్తే అంతా అక్కడికే పోతుంది. నేనైతే విడివిడిగా వేయమంటాను. షాపు కేసు త్వరగా తేలే అవకాశం ఉంది. దేనికైనా గడువు రెండేళ్ళు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని అక్కడే పరిష్కారం అవుతాయి.

చలానా మీద ఏ సెక్షన్ రాశారో చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా, కారు మౌలిక స్వరూపం మారేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. స్పీకర్లు, యాంప్లిఫయర్ ఆర్‌సీలో ఉండవు, వాటితో ఆ సెక్షన్ వర్తించదని వాదించవచ్చు. అయితే మీరు ఒకటి రాయలేదు: సబ్‌వూఫర్ పెట్టె కోసం వెనక చిన్న సీట్లు తీసేశారా? తీసేసి ఉంటే ఆర్‌సీలో ఉన్న సీట్ల సంఖ్యకూ కారుకూ పొత్తు కుదరదు. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫొటోలు తీసుకుని, వైరింగ్ కదలకుండా సీట్లు వెంటనే బిగించేయండి.

ఒకవేళ చలానాకు అసలు కారణం పాటల మోతే అయితే, అప్పుడు మీ అబ్బాయి వైపు నేను గట్టిగా నిలబడలేను. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. సంక్రాంతికి ఊరంతా మేలుకునే ఉంటుంది నిజమే, కానీ బాలింతలు, గుండెజబ్బు వాళ్ళు కూడా అదే వీధిలో ఉంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోయే ప్రమాదం ఉంది.

మీరు అడగకపోయినా ఇన్సూరెన్స్ గురించి చెప్పాలి. కారు ధరలో కలవని ఎలక్ట్రానిక్ సామాను ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్‌తో (పాలసీకి జత చేసే అదనపు షరతుతో) విడిగా చేర్పిస్తేనే దానికి రక్షణ. బీమా పాత రేట్ల పట్టికలో దీనికి విలువలో 4 శాతం ప్రీమియం ఉండేది. చెప్పకుండా ఉంటే కారు వరదలో మునిగినా, మంటలు లేచినా, ఆ 2 లక్షల 40 వేల సామానుకు పైసా రాదు. వైరింగ్ సరిచేయించాకే, బిల్లుతో చేర్పించండి.

షాపుకు 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వాట్సాప్ మెసేజీలు ఒక్కటి కూడా తీసేయొద్దని మీ అబ్బాయికి ఇవాళే చెప్పండి. కంపెనీ పాత స్పీకర్లు, యాంప్లిఫయర్ ఇంకా షాపులోనే ఉంటే, అందినట్టు కాగితం రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి. కారును మళ్ళీ మామూలు స్థితికి తేవాలంటే అవి కావాలి. ఒక్క యాంప్లిఫయరే లక్షల్లో ఉంటుంది.