ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్లే ముందు సర్వర్ రూట్‌లో (సిస్టమ్ ఉండే ప్రధాన భాగం, /) 3 జీబీయే ఖాళీ మిగిలితే ఏం చేయాలి?

ఏదీ డిలీట్ చేయకముందే టెర్మినల్‌లో వీజీఎస్ (sudo vgs) అని కొట్టి, వీఫ్రీ (VFree) కాలమ్ చూడండి, ఇంకా దేనికీ కేటాయించని జాగా అక్కడ కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎల్వీఎం (LVM, డిస్క్ జాగాను భాగాలుగా పంచే పద్ధతి) డిఫాల్ట్‌గా వదిలేసి ఉంటే, 20 నుంచి 200 జీబీ మధ్య డిస్కుల్లో ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ దాదాపు సగమే రూట్‌కి ఇస్తుంది, మిగతా సగం ఎవరూ వాడకుండా అలాగే పడి ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియక అనవసరంగా లాగ్‌లు చెరిపేసుకుంటారు. ఆ ఖాళీని రూట్‌కి కలిపే ఎల్వీఎక్స్‌టెండ్ (lvextend) కమాండ్‌కి మైనస్ ఆర్ (-r) జోడిస్తే ఫైల్ సిస్టమ్ కూడా వెంటనే పెరుగుతుంది, సర్వర్ ఆపక్కర్లేదు. ఆ ఖాళీలో కొంచెం స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో దాచే కాపీ) కోసం ఉంచుకోండి.

అక్కడ ఖాళీ లేకపోతే అప్పుడు శుభ్రం చేయడం. దించుకున్న ప్యాకేజీ ఫైళ్లు పోవడానికి ఏపీటీ క్లీన్ (apt clean), తర్వాత పాత కెర్నల్స్ పోవడానికి ఏపీటీ ఆటోరిమూవ్ (/boot విడి పార్టిషన్‌గా ఉంటే ముందు నిండేది అదే). సిస్టమ్ లాగ్‌లు దాచే సిస్టమ్‌డీ జర్నల్ ఒక్కటే 4 జీబీ దాకా పెరగగలదు కాబట్టి జర్నల్‌సీటీఎల్ వాక్యూమ్ సైజ్‌తో (journalctl --vacuum-size=200M) 200 ఎంబీకి కుదించండి.

పెద్ద లాగ్ ఫైల్ తీసేసినా ఖాళీ పెరగలేదంటే టెన్షన్ పడకండి, ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది, ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగి వస్తుంది.

వార్ లిబ్ (/var/lib) ఫోల్డర్‌లో మాత్రం చేత్తో ఏదీ తీయొద్దు, ప్యాకేజీల లెక్కంతా అక్కడే ఉంటుంది, డేటాబేస్‌లు కూడా. బ్యాకప్ వేరే మెషీన్‌లో పెట్టాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి, జాగా చాలకపోతే ఎంత కావాలో అదే చెప్పి ఆగిపోతుంది.